13 ఏళ్ల అకాడమీ అనుభవం ఒమన్ యూనివర్సిటీ ఉద్యోగానికి లెక్కలోకి వస్తుందా?

గూడవల్లి_లెక్కలు
అందరికీ నమస్కారం. నాది ఎమ్మెస్సీ మ్యాథ్స్, నాగార్జున యూనివర్సిటీ, రెగ్యులర్. 13 ఏళ్లుగా విజయవాడ చుట్టుపక్కల రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో ఇంటర్, జేఈఈ బ్యాచ్‌లకు చెబుతున్నాను. ఒమన్‌లో ఒక యూనివర్సిటీ ఫౌండేషన్ ప్రోగ్రామ్‌లో లెక్కలు చెప్పే పోస్టుకు ఇంటర్వ్యూ అయింది, డెమో క్లాసు నచ్చిందన్నారు. ఫిబ్రవరిలో చేరమంటున్నారు. ఇప్పుడు కాలేజీ స్థాయి బోధనా అనుభవానికి రుజువు అడుగుతున్నారు. నా సర్వీస్ సర్టిఫికెట్‌లో జూనియర్ లెక్చరర్ అని ఉంది. జీతం సగం బ్యాంకులో పడుతుంది, సగం చేతికి ఇస్తారు. పీఎఫ్ మాత్రం 15,000 మీద లెక్కగట్టి నెలకు 1,800 కడతారు. ఈ కాగితాలతో 13 ఏళ్లూ చూపించగలనా? అమ్మానాన్న తెనాలిలో ఉంటారు, పాప మూడో తరగతి. వెళ్లినవాళ్లు చెప్పండి.

ఏఎన్‌యూ_స్కాలర్
లెక్కలోకి రాదు సార్. ఇంటర్ అంటే ప్లస్ టూ, ప్రపంచంలో ఎక్కడైనా అది స్కూలు చదువే. యూనివర్సిటీ బోధన అంటే డిగ్రీ, పీజీ. లెక్చరర్ అర్హత పరీక్షలు నెట్ గానీ సెట్ గానీ రాశారా? 2023 జూన్ 30న యూజీసీ సవరణ ఇచ్చింది, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ లేదా సెట్ చాలు. ఆ పోస్టు జీతపు మెట్టు లెవెల్ 10, అందులో మొదటి మూల వేతనమే 57,700. ఇక్కడే ప్రయత్నించొచ్చు కదా.

నిజ్వా_నుంచి
గూడవల్లి సార్, నేను 2017లో ఒమన్‌లోని నిజ్వాకు వచ్చాను. అంతకుముందు 11 ఏళ్లు మీలాగే ఇంటర్ మ్యాథ్స్. కాబట్టి 'రాదు' అన్న మాట ఒప్పుకోను.

ఒమన్‌లో స్కూళ్లు ఎక్కువగా అరబిక్ మీడియం. పైచదువులు ఇంగ్లిష్‌లో. అందుకే చేరగానే ఫౌండేషన్ ప్రోగ్రామ్ ఉంటుంది: ఇంగ్లిష్, లెక్కలు, కంప్యూటర్, చదువుకునే పద్ధతులు. అక్కడి లెక్కలు మన ఫస్టియర్ దాటవు. ఫంక్షన్లు, లాగరిథమ్‌లు, కొంత ట్రిగనామెట్రీ. పరిశోధన చేసినవాడికన్నా ఆ వయసు పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినవాడే ఇక్కడ ఎక్కువ పనికొస్తాడు. మా బ్యాచ్‌లో ముగ్గురం ఇంటర్ నుంచి వచ్చినవాళ్లమే.

అయితే మూడు సంగతులు. పీజీ దూరవిద్యలో చేస్తే చాలాచోట్ల తీసుకోరు, మీది రెగ్యులర్ కాబట్టి ఇబ్బంది లేదు. సర్వీస్ సర్టిఫికెట్‌లో కాలేజీ పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, చెప్పిన సబ్జెక్టు ఉండాలి, కోచింగ్ సెంటర్ లెటర్‌హెడ్ మీద కాకుండా ఇంటర్ బోర్డు గుర్తింపు ఉన్న జూనియర్ కాలేజీ లెటర్‌హెడ్ మీద. ఇక మూడోది, చాలామందిని యూనివర్సిటీ నేరుగా తీసుకోదు, మనుషుల్ని సమకూర్చే కంపెనీ ద్వారా తీసుకుంటుంది. ఏజెంటు ఎంత అడిగాడు?

గూడవల్లి_లెక్కలు
రెండున్నర లక్షలు. సగం ముందే కట్టమన్నాడు.

నిజ్వా_నుంచి
ఒక్క రూపాయి కట్టొద్దు. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000, దాని మీద జీఎస్టీ కలిపి 35,400 మించి తీసుకోకూడదని నిబంధన ఉంది. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి చూడండి. లేకపోతే అక్కడితో వదిలేయండి, ఆ కంపెనీకి మీరే మెయిల్ రాసుకోండి.

బ్రాడీపేట_కెమిస్ట్రీ
నాది 22 ఏళ్ల సర్వీసు, గుంటూరులోనే. గూడవల్లి సార్, ఫిబ్రవరి అన్నారు. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి. మధ్యలో పబ్లిక్ పరీక్షలు. ఈ మూడింటి నడుమ మీరు విమానం ఎక్కుతారా? అనుభవం లెక్కలోకి వస్తుందా రాదా అని అడుగుతున్నారు గానీ మీ సెక్షన్‌లో పిల్లలు ఎంతమంది, వాళ్లకు ఎవరు చెబుతారు అనే మాట మీ పోస్టులో ఎక్కడా లేదు.

నిజ్వా సార్‌కు ఒక మాట. మీరు యూనివర్సిటీ అంటున్నది మీరు చేరినప్పుడు కాలేజీయే. 2020లో టెక్నాలజీ కాలేజీలు, అప్లయిడ్ సైన్సెస్ కాలేజీలు కలిపి ఒకే యూనివర్సిటీ చేశారు. బోర్డు మారింది, మీరు చెప్పే పాఠం మారలేదు. ఇక్కడ జేఈఈ అడ్వాన్స్‌డ్ స్థాయి చెప్పినవాళ్లు అక్కడికెళ్లి లాగరిథమ్‌లు చెప్పుకోవడం ఎదుగుదల ఎలా అవుతుంది? దూరపు కొండలు నునుపు.

ఇంగ్లిష్_మేడమ్_పోరంకి
ఎదుగుదల సంగతి పక్కన పెట్టండి సార్. ఉదయం 6 గంటల స్టడీ అవర్‌కు వెళ్లి రాత్రి 10కి ఇల్లు చేరే ఉద్యోగం ఇది. వేసవిలో అడ్మిషన్ల టార్గెట్ అదనం. ఎండలో ఊళ్లు తిరిగి ఇంటింటి తలుపు కొట్టింది మేమే. పీజీ చేసింది అందుకా?

నిజ్వా_నుంచి
బోర్డు మారిన మాట నిజమే. కానీ పాఠం గురించి మీరన్నది ఒప్పుకోను కెమిస్ట్రీ సార్.

నా మొదటి వారం చెబుతాను. బోర్డు మీద భిన్నాలు వేసి 'డినామినేటర్ ఒకటే చేయండి' అన్నాను. 26 మందిలో ఒక్కరూ పెన్ను కదపలేదు. లెక్క రాక కాదు, మాట తెలియక. తెలుగు మీడియంలో టెన్త్ చదివి ఇంటర్‌లో చేరిన మన పిల్లాడు హారం అంటే టక్కున చెప్పి, డినామినేటర్ అంటే తల దించుకుంటాడు చూడండి, అదే చూపు. అరబిక్‌లో ఆ మాట ఏమంటారని ముందు బెంచీ అమ్మాయిని అడిగాను. 'మకామ్' అంది. నేను బోర్డు మీద 'మకామ్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయగానే క్లాసంతా పెన్నులు తీసింది. ఆ రోజు ఆ ఒక్క లెక్క మీదే యాభై నిమిషాలూ గడిపాను, ఎవరూ వచ్చి ప్రోగ్రామ్ షీట్‌లో ఎందుకు వెనకబడ్డావని అడగలేదు. విజయవాడలో 11 ఏళ్లలో నాకు అలాంటి రోజు దొరకలేదు.

ఏఎన్‌యూ_స్కాలర్
అసలు విషయం అదే. అకాడమీల్లో జరిగేది బోధన కాదు, బట్టీ, షార్ట్‌కట్లు. అందుకే నేను లెక్కలోకి రాదన్నది.

బ్రాడీపేట_కెమిస్ట్రీ
స్కాలర్ గారూ, మాట జాగ్రత్త. నాగార్జున యూనివర్సిటీ 1976 నుంచి ఉంది, అక్కడ చేరే పిల్లలు ఎక్కడ చదువుకుని వస్తున్నారు? మా క్లాసుల్లోనే. మోల్ కాన్సెప్ట్ రాని పిల్లాడికి చిల్లర కొట్టు త్రాసు తెచ్చి, పెసలు తూచి, ఎన్ని గింజలో లెక్కపెట్టించి నేర్పినవాణ్ని నేను. స్టడీ అవర్ అయ్యాక, రాత్రి పదింటికి. దాన్ని బట్టీ అంటారా? మీరు నెట్ రాశారు సరే, ఒక్క ఏడాదైనా 80 మంది ముందు నిలబడ్డారా?

ఏఎన్‌యూ_స్కాలర్
వ్యక్తిగతంగా తీసుకోకండి. నేను వ్యవస్థను అన్నాను.

బ్రాడీపేట_కెమిస్ట్రీ
వ్యవస్థ అంటే మేమే.

పటమట_అక్క
నేను టీచర్‌ని కాదు, టీచర్ భార్యను. మా వారు ఇథియోపియాలో యూనివర్సిటీ ఉద్యోగానికి 2015లో వెళ్లారు, మెకెల్లె. వెళ్లేటప్పుడు అందరూ డాలర్లు డాలర్లు అన్నారు. జీతం చెప్పింది డాలర్లలో, చేతికిచ్చింది అక్కడి కరెన్సీ బిర్‌లలో. దాన్ని ఇక్కడికి పంపాలంటే బ్యాంకులో వంతు కోసం నెలలు ఎదురుచూడాలి. 2020 నవంబరులో యుద్ధం మొదలైంది. ఫోన్లు, నెట్ అన్నీ పోయాయి. మూడు వారాలు ఆయన గొంతు వినలేదు. మా అత్తగారు రోజూ ఫోన్ పక్కనే పడుకునేవారు. క్షేమంగా వచ్చారు, ఇప్పుడు కానూరులో ట్యూషన్లు చెబుతున్నారు. 2024 జులైలో అక్కడి ప్రభుత్వం బిర్ విలువను మార్కెట్‌కు వదిలేసింది, డాలరుకు 57 ఉన్నది కొద్ది రోజుల్లోనే వంద దాటింది. అక్కడ మిగిలిన స్నేహితులు దాచుకున్నది సగమైపోయింది.

ఒమన్ అలాంటిది కాకపోవచ్చు. కానీ గూడవల్లి తమ్ముడూ, నెలకెంత అని అడిగే ముందు ఏ డబ్బులో ఇస్తారు, ఎలా పంపొచ్చు అనేది అడుగు.

నిజ్వా_నుంచి
అక్క చెప్పింది అక్షరాలా నిజం, ఆ అనుభవం ఉన్నవాళ్లు మాలో కూడా ఉన్నారు. ఒమన్ రియాల్ డాలరుకు కట్టి ఉంటుంది, ఒక రియాల్ దాదాపు 2.6 డాలర్లు, పంపడానికి అడ్డు లేదు. భయం ఇంకోటి ఉంది. ఇక్కడి వాళ్లకే ఉద్యోగాలు ఇవ్వాలన్న ఒమనైజేషన్ ఏటికేడు పెరుగుతోంది. కాంట్రాక్టు రెన్యువల్ నెల వచ్చిందంటే మా ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. జీవితాంతం ఉద్యోగం అనుకుని ఎవరూ రావొద్దు.

కొరిటెపాడు_కుర్రాడు
2019 బ్యాచ్ స్టూడెంట్‌ని. మా మ్యాథ్స్ సార్ ఏడాది మధ్యలో మానేశారు. ఇప్పటికీ డెఫినిట్ ఇంటిగ్రల్స్ అంటే భయం.

బ్రాడీపేట_కెమిస్ట్రీ
చూశారా. ఈ కుర్రాడు రాసింది పది సార్లు చదవండి.

2018 దసరా సెలవులకు వెళ్లి మా మ్యాథ్స్ సార్ తిరిగి రాలేదు. పదో రోజున సౌదీ నుంచి వాట్సాప్‌లో క్షమించమని మెసేజ్. బోర్డు మీద ఆయన సగం చేసి వదిలిన ఇంటిగ్రేషన్ లెక్క అలాగే ఉంది, పిల్లలు తుడవనివ్వలేదు, సార్ వచ్చి పూర్తిచేస్తారని. డిసెంబరు వరకు మనిషి దొరకలేదు. నలుగురు మారారు ఆ ఏడాది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు పోయాడు. మీరంతా కాగితాలు, రియాళ్లు, లెటర్‌హెడ్లు అని మాట్లాడుతుంటే నాకు ఆ బోర్డే కనిపిస్తుంది.

ఇంగ్లిష్_మేడమ్_పోరంకి
ఒక మనిషి మీద కోపం అందరి మీదా చూపిస్తే ఎలా సార్?

బ్రాడీపేట_కెమిస్ట్రీ
ఆ సెక్షన్‌లో మా అమ్మాయి ఉంది మేడమ్.

నిజ్వా_నుంచి
సార్, మీ అమ్మాయి విషయం నాకు తెలియదు. చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఎందుకంటే నేనూ సెలవని చెప్పి వచ్చినవాణ్నే. ఆ సౌదీ సార్ నేను కాదు, కానీ నేను చేసిందీ అదే.

ఎందుకలా చేశానో చెప్పాలి. చేరేటప్పుడు మా కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నారు. మానేస్తానని ముందు చెబితే ఏడాది చివర చూద్దాం అంటారు. చివర్లో అడిగితే అడ్మిషన్లు పూర్తి చేసి వెళ్లు అంటారు. అలా రెండుసార్లు అవకాశం పోయింది. మూడోసారి బ్యాంకు లోన్‌కు చూపించాలని అబద్ధం చెప్పి ఒరిజినల్స్ బయటికి తెచ్చుకుని, సంక్రాంతి సెలవులకు వెళ్లినట్టే వెళ్లి మస్కట్‌లో దిగాను. రెండు సెక్షన్ల పిల్లలకు వెళ్తున్నానని కూడా చెప్పలేదు. అది తప్పే, నేను కాదనను. కానీ నెల ముందు నోటీసు ఇచ్చి, పాఠం ముగించి, పిల్లలతో చెప్పి వెళ్లే దారి ఉండి ఉంటే అలా పారిపోయేవాణ్ని కాదు. మీ కోపం ఆ సార్ మీద ఎంత ఉందో, ఆ బీరువాకు తాళం వేసినవాళ్ల మీద కూడా అంత ఉండాలి.

బ్రాడీపేట_కెమిస్ట్రీ
తాళం సంగతి నాకు తెలియదా. నావీ లోపలే ఉన్నాయి, 22 ఏళ్లుగా. 2009లో నాకూ ఒక పిలుపు వచ్చింది, లిబియా. అడగడానికే ధైర్యం చాలలేదు. తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది, మంచిదే అయిందనుకున్నాను. కానీ అడగనందుకు కారణం యుద్ధం కాదు.

అయినా పిల్లలు మధ్యలో నలిగిపోవడం నాకు ఒప్పు కాదు. ఆ తాళం వాళ్లు వేయలేదు.

గూడవల్లి_లెక్కలు
రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను, జవాబు రాయలేదు. నావి కూడా ఆఫీసులోనే ఉన్నాయి. మొదటి పోస్టులో అది రాయడానికి సిగ్గనిపించింది. నేను అసలు అడగాల్సింది అనుభవం గురించి కాదేమో. సర్టిఫికెట్ విదేశాల్లో చెల్లడానికి వేసే అపోస్టిల్ స్టిక్కర్ ఒరిజినల్ మీదే అంటిస్తారు, ముందు రాష్ట్ర హెచ్‌ఆర్‌డీ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ. ఒరిజినల్ చేతిలో లేకుండా 13 ఏళ్లు లెక్కలోకి వచ్చినా రాకపోయినా ఒకటే.

లోన్ అని అబద్ధం చెప్పమని మా తోటి సార్ కూడా సలహా ఇచ్చాడు. నా వల్ల కావడం లేదు.

బ్రాడీపేట_కెమిస్ట్రీ
అబద్ధం వద్దు. సర్టిఫికెట్లు మీ పేరు మీద ఉన్నవి, సంస్థ ఆస్తి కాదు. కాగితం మీద రాసి అడగండి, రిసీవ్డ్ అని స్టాంపు వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. ఒక్కరే వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడి పంపేస్తారు. సోమవారం నాకు మధ్యాహ్నం ఖాళీ. గుంటూరు నుంచి గంటన్నర. నేను వస్తాను. ఫిబ్రవరిలో వెళ్లొద్దనే ఇప్పటికీ అంటాను.

ఏఎన్‌యూ_స్కాలర్
2023 చివర్లో మన రాష్ట్ర యూనివర్సిటీలకు 3,220 పోస్టుల నోటిఫికేషన్ వచ్చి కోర్టులో ఆగింది. అవే నింపి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. నేను బట్టీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంటర్ అనుభవం టెర్షియరీ, అంటే డిగ్రీ, పీజీ స్థాయి అనుభవం కాదన్న మాటకు కట్టుబడి ఉన్నాను.

నిజ్వా_నుంచి
గూడవల్లి సార్, సెప్టెంబరులో చేరతానని మెయిల్ పెట్టి చూడండి. ఇక్కడ విద్యా సంవత్సరం మొదలయ్యేది అప్పుడే. అందరికీ ఒప్పుకోరు, కొందరికి ఒప్పుకున్నారు. అడిగితే పోయేది లేదు.

గూడవల్లి_లెక్కలు
సోమవారం వెళ్లాం. కెమిస్ట్రీ సార్ పక్కన కూర్చున్నారు, పెద్దగా మాట్లాడలేదు, లేచి రాలేదు అంతే. గంటంపావు తర్వాత పీజీ ఒరిజినల్ ఇచ్చారు. డిగ్రీది, మార్కుల జాబితాలు హెడ్డాఫీసులో ఉన్నాయట, పది రోజులు ఆగమన్నారు. రాసిచ్చిన కాగితం మీద స్టాంపు వేయించుకున్నాను. ఏజెంటుకు వద్దని చెప్పేశాను. సెప్టెంబరు అడుగుతూ కంపెనీకి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.

కెమిస్ట్రీ సార్, మీరు దారిలో అడిగారు కదా. మా సెక్షన్లు రెండు, 154 మంది. డెఫినిట్ ఇంటిగ్రల్స్ నిన్నటితో ముగిసింది. రేపటి నుంచి డిఫరెన్షియల్ ఈక్వేషన్స్.