అంతర్యుద్ధానికి ముందు అమెరికా దక్షిణాది వకీలు: న్యాయ పండితుడా, అప్పుల వసూలు గుమాస్తానా?

పాతరికార్డు:
దక్షిణాది వకీలు అనగానే అందరికీ రాజకీయ ఉపన్యాసాలే గుర్తొస్తాయి. అతనికి అసలు బడి సర్క్యూటు, అంటే జడ్జి వెంట కౌంటీలు తిరగడం. జార్జియాలో సుపీరియర్ కోర్టు జడ్జి ఏడాదికి రెండుసార్లు కౌంటీలన్నీ తిరిగేవాడు. వకీళ్లు జీను సంచుల్లో బట్టలు, కాగితాలు కుక్కుకుని గుర్రాల మీద వెంట వెళ్లేవారు. రాత్రి సత్రంలో ఒకే గదిలో పడక, చోటు లేకపోతే ఒకే మంచం మీద ఇద్దరు. పొద్దున కక్షిదారు కలిస్తే సాయంత్రానికి జ్యూరీ ముందు నిలబడాలి. 1845 దాకా ఆ రాష్ట్రానికి సుప్రీం కోర్టే లేదు, సర్క్యూటు జడ్జి చెప్పిందే ఆఖరి మాట. కాబట్టి పుస్తకంతోపాటు జడ్జినీ, జ్యూరీలో కూర్చున్న రైతునీ చదవగలగాలి. అలెగ్జాండర్ స్టీఫెన్స్ కొద్ది నెలలే చదివి 1834లో పట్టా తీసుకున్నాడు. మిగతా చదువంతా కోర్టు హాల్లోనే. ఈ విద్యకు గౌరవం ఇవ్వాలి.

కచ్చేరిగుమాస్తా:
గౌరవం తర్వాత, ముందు సంచిలో ఉన్న కాగితాలేమిటో చూద్దాం. సింహభాగం ప్రామిసరీ నోట్లు. గడువు దాటిన నోటు మీద దావా వేస్తారు, బాకీదారుకు సమను వెళ్తుంది, చాలాసార్లు ఎదురువాదనే ఉండదు, డిక్రీ వస్తుంది. ఆ వెంటనే కోర్టు ఉత్తర్వులు అమలుచేసే కౌంటీ అధికారి షరీఫు చేతికి జప్తు ఉత్తర్వు. పత్రికలో ప్రకటన వేసి, నెలలో మొదటి మంగళవారం కోర్టు గుమ్మం ముందు వేలం. భూమి కొనేవాడికి హద్దుల తగాదా, పాత తనఖా భయం. బానిసను మాత్రం అప్పటికప్పుడు నడిపించుకుపోవచ్చు. అందుకే షరీఫు ముందు మనుషుల మీదే చెయ్యి వేసేవాడు. గుమ్మం ముందు తల్లిని ఒకడు పాడుకుంటే బిడ్డను ఇంకొకడు పాడుకునేవాడు. 1837 ఆర్థిక పతనం తర్వాత ఈ పని విపరీతంగా పెరిగింది. సత్రంలో భోజనం ఖర్చు ఈ ఫీజుల్లోంచే వచ్చేది.

నల్లరేగడి:
దావా రకం తప్పితే కేసే పోయేదిగా, ఆ సంగతి ఎవరూ ఎత్తరేం? ఇంకొకడు పట్టుకున్న బానిస కోసం ట్రోవర్ అనే దావా వేస్తే అతని విలువ డబ్బు రూపంలో వస్తుంది. డెటిన్యూ అనే దావా వేస్తేనే ఆ మనిషిని తిరిగి అడగగలం.

పాతరికార్డు:
జార్జియాలో అంత పట్టింపు లేదు. 1799 జుడీషియరీ చట్టం ప్రకారం ఫిర్యాదును మామూలు మాటల్లో, స్పష్టంగా రాస్తే చాలు.

నల్లరేగడి:
నేను జార్జియా అన్నానా? వర్జీనియా, అలబామా సంగతి చెప్పాను.

పాతరికార్డు:
సరే. గుమాస్తా గారూ, అందరూ వసూలు గుమాస్తాలే అంటే 1834 నాటి విల్ కేసును ఏం చేస్తారు? నార్త్ కరోలినాలో విల్ అనే బానిస తన తీరిక వేళలో పారకు పిడి వేసుకున్నాడు. మేస్త్రి ఆ పారను ఇంకొకడికిచ్చాడు. విల్ పిడి విరగ్గొట్టి పనిలోకి వెళ్లిపోయాడు. బానిసల పని మీద పెత్తనం చేసే ఓవర్సీరు తుపాకీతో వచ్చాడు, విల్ పారిపోతుంటే వెనకనుంచి కాల్చాడు. పెనుగులాటలో విల్ కత్తికి ఓవర్సీరు చచ్చాడు. ప్రాణభయంతో, కోపంతో మనిషి చేసిన పని ఇది, హత్య కాదని విల్ తరఫు వకీలు బార్తలోమ్యూ మూర్ వాదించాడు. జస్టిస్ గాస్టన్ ఒప్పుకుని నేరాన్ని తగ్గించాడు. ఐదేళ్ల ముందే అదే కోర్టులో జస్టిస్ రఫిన్, బానిస మీద యజమాని అధికారానికి హద్దు లేదని తీర్పిచ్చాడు. ఆ తీర్పు ఉండగా ఇలా గెలవడం చిన్న సంగతా?

కచ్చేరిగుమాస్తా:
మూర్‌ను పెట్టిందెవరు? విల్ యజమాని. ఉరి పడితే నష్టం ఎవరికో కూడా రాయండి. పోయిన చర్చలోనూ ఫీజు ఎవరిదని అడిగితే మాట మార్చారు.

పాతరికార్డు:
ఫీజు ఎవరిచ్చినా వాదన వాదనే! ప్రతిదాన్నీ డబ్బుకు కుదిస్తే ఇక చర్చ దేనికి?

తుంగభద్ర:
ఇద్దరూ కాస్త తగ్గండి. లూసియానా చట్టంలో అమ్మిన బానిసకు పారిపోయే అలవాటు, దొంగతనం, మూర్ఛ ఉంటే అవన్నీ "లోపాలు". సరుకు బాగాలేదని కొన్నవాడు దావా వేయొచ్చు. అక్కడి వకీలు రోజూ చూసిన పని అది.

పాతరికార్డు:
అది నేనెప్పుడూ కాదనలేదు. నేను చెప్పేది పనితనం గురించి. మిస్సోరీలోని సెయింట్ లూయిస్‌లో 1847లో, స్వేచ్ఛ కోసం దావా వేసిన బానిస డ్రెడ్ స్కాట్ మొదటి విచారణ ఎలా పోయింది? తనను మిసెస్ ఎమర్సన్ బానిసగా పట్టి ఉంచుతోందని స్కాట్ రుజువు చెయ్యాలి. స్కాట్‌ను ఆమె దగ్గర బాడుగకు తీసుకున్నానని రసెల్ అనే సాక్షి చెప్పాడు. ఎదుటి వకీలు క్రాస్ ప్రశ్నలు వేసినప్పుడు, మాట్లాడి కుదుర్చుకున్నది తన భార్య అని ఒప్పుకున్నాడు. వినికిడి సాక్ష్యమని కేసు పోయింది. అదే లోపం సరిచేసి, భార్య వాంగ్మూలం తెచ్చాక 1850లో స్కాట్ గెలిచాడు. సాక్షిని ముందే సరిగ్గా అడిగి ఉంటే మూడేళ్లు మిగిలేవి. మంచి వకీలుకూ చెడ్డ వకీలుకూ తేడా అక్కడే.

కచ్చేరిగుమాస్తా:
స్కాట్‌ను ఎవరు బాడుగకిచ్చారో అందరికంటే బాగా తెలిసింది స్కాట్‌కే. బోనెక్కి తన యజమాని ఎవరో చెప్పడానికి అతనికి వీల్లేదు. తెల్లవాళ్ల మీద నల్లవాడి సాక్ష్యం చెల్లదు. సాక్షిని అడగడం మరిచిన తప్పు మీకు కనిపిస్తోంది, నోరు నొక్కిన నిబంధన మీద ఒక్క మాట లేదు. ఆ నిబంధనను మామూలు నియమంలా పాటిస్తూ రోజూ కేసులు నడిపినవాణ్ణి పండితుడంటే నేను ఒప్పుకోను. మన గొడవ అసలు ఇదీ. సర్క్యూటు, ఫీజు, దావా రకం కాదు.

పాతరికార్డు:
ఆ నిబంధన లేకుండా ఆ కోర్టు లేదు, ఒప్పుకుంటాను. కానీ 1850 విజయం కూడా ఆ కోర్టులోనే, ఆ నియమాల కిందనే వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్లను గుమాస్తాలనను.

కచ్చేరిగుమాస్తా:
1852లో మిస్సోరీ సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది కూడా.

నల్లరేగడి:
అలబామా డెటిన్యూ సంగతి ఇంకా తేలలేదు.