లంబసింగి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరి పాత సంగతులు ఎలా తెలుసుకోవాలి?

కొండదారి:
మా అమ్మమ్మది లంబసింగి దగ్గర చిన్న గూడెం, ముప్పై గడప ఉంటుందంతే. చలికాలం వస్తే మంచు చూడటానికి కార్లు బారులు తీరతాయి, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. నెట్‌లో వెతికితే చలి, టెంట్లు, స్ట్రాబెర్రీ తోటలు తప్ప ఇంకేం రావు. అల్లూరి సీతారామరాజు గారి గురించి బడిలో చదివాను, కానీ ఆయన రాకముందు, ఆయన పోయాక మావాళ్లు ఎలా బతికారో ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మకి ఎనభై దాటాయి, అదే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గోదారిగట్టు:
నర్సీపట్నం నుంచి నువ్వు బస్సెక్కి వెళ్తావే, ఆ రోడ్డుతోనే మొదలుపెట్టు తమ్ముడూ. బ్రిటిష్ కాలంలో గూడెం అనే ప్రాంతానికి డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనికి కొండవాళ్లని బలవంతాన తోలించి, కూలి సరిగ్గా ఇవ్వకుండా కొట్టి చేయించాడు. అప్పటికే 1882 అటవీ చట్టంతో పోడు, అంటే అడవి నరికి చేసే సాగు, కొట్టుకోనివ్వడం లేదు, అడవిలో పుల్ల విరిచినా తప్పే. ఆ మంట మీదే రాజుగారి దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి స్టేషన్ల మీద. తుపాకులు పట్టుకెళ్లింది రాజుగారొక్కరే కాదు కదా, పక్కన గాం గంటం దొర, మల్లు దొర అన్నదమ్ములున్నారు. మల్లు దొర జైలు నుంచి బయటపడి 1952లో పార్లమెంటుకి గెలిచాడు. ఈ మాట మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

సంతబయలు మాస్టారు:
పై తమ్ముడు చెప్పింది నిజమే గానీ, తిరుగుబాటు నడిచింది రెండేళ్లు. మిగతా కాలం మాటేంటి? అంతకుముందు 1879లోనూ రంప ప్రాంతం తిరగబడింది, జీలుగు చెట్టు కల్లు మీద పన్ను వేసి, గీయొద్దన్నందుకు. కొండమీద జీలుగు కల్లంటే సరదా తాగుడు కాదు బాబూ, గింజలు అయిపోయిన నెలల్లో కడుపు నింపేది అదే.

ఇంకోటి, ముఠాల సంగతి. కొన్ని ఊళ్లు కలిపి ఒక ముఠా, దాని మీద ముఠాదారు, శిస్తు అతని చేతిలో. మనం దున్నే నేలకి మన పేరున కాగితం ఉండేది కాదు. 1969 రెగ్యులేషన్‌తో ముఠాలు రద్దయ్యాయి, తర్వాత సర్వే చేసి రైతుల పేరున పట్టాలిచ్చారు. మీ అమ్మమ్మ ట్రంకుపెట్టెలో అలాంటి కాగితం ఉందేమో చూడు. మీ ఇంటి చరిత్రకి అంతకంటే మంచి ఆధారం లేదు.

వలిసెపూలు:
ఒక మాట. ఫోన్ ఎదురుగా పెట్టి "చరిత్ర చెప్పు" అంటే పెద్దోళ్లు ఏం చెప్పరు, నాకు అనుభవమే. పొలానికి తీసుకెళ్లి ఒక్కో ముక్కని ఏమని పిలిచేవారో అడుగు, అన్నీ అవే బయటికొస్తాయి.

కొండదారి:
అందరికీ దండాలు. వలిసెపూలు గారు చెప్పినట్టే నిన్న అమ్మమ్మని కాఫీ తోటకి తీసుకెళ్లాను. సిల్వర్ ఓక్ మాన్లకి మిరియం తీగలు అల్లుకుని ఉంటే, ఆవిడ మాత్రం ఆ వాలుని ఇప్పటికీ "చోళ్ల పోడు" అంటోంది, చోళ్లంటే రాగులు. నాకు ఆ పేరే తెలీదు ఇన్నాళ్లూ! నడుస్తూ నడుస్తూ వాళ్ల తాత మాట చెప్పింది. ఆయన రోడ్డు పనిలో రాళ్లు మోశాడట, వీపున అడ్డంగా దెబ్బ మచ్చ ఉండేదట, ఎవరైనా చూస్తే తువ్వాలు కప్పేసుకునేవాడట. నేను ఆ రోడ్డు మీద వందసార్లు వెళ్లుంటాను.

పట్టా కూడా దొరికింది మాస్టారూ. తాతయ్య పేరు, వేలిముద్ర ఉన్నాయి, మడతల దగ్గర చిరిగిపోతోంది. లామినేషన్ చేయించనా?

సంతబయలు మాస్టారు:
వద్దు, వద్దు! వేడికి పాత కాగితం పాడవుతుంది, మళ్లీ ఊడదీయలేవు. ముందు రెండువైపులా ఫోటో తీసుకో, మడత విప్పి రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి చెమ్మ తగలని చోట దాచు. వేలిముద్ర ఉన్నవైపు నాకూ ఒకసారి చూపించు బాబూ.