ఒకే మ్యాచ్, మూడు టీవీలు, మూడు వేళలు: ఎలా కలపాలి?

చెరువుగట్టు:
పొద్దుటి నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను. ఆదివారం మ్యాచ్ కోసం మా అపార్ట్‌మెంట్ హాలులో మూడు టీవీలు పెట్టాం. మూడింటిలోనూ ఒకే ఛానెల్. ముందు టీవీలో వికెట్ పడి బ్యాట్స్‌మన్ వెళ్లిపోతుంటే, వెనక టీవీలో బౌలర్ ఇంకా పరుగే మొదలుపెట్టడు. పక్క గోడ టీవీది చిన్న తేడాయే గానీ, వ్యాఖ్యాత ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. అన్నీ ఆపి మళ్లీ వేశాను, సెట్టింగులన్నీ వెతికాను. దయచేసి ఎవరైనా దారి చూపండి.

ఉత్తరపుగాలి:
స్ప్లిటర్ కొనండి.

చెరువుగట్టు:
దేనికి తగిలించాలండీ?

రాగితీగ:
అన్నిటికంటే ముందు కేబుల్ చూడండి. జనం టీవీకి వేలు పోసి, తీగ దగ్గర పిసినారితనం చూపిస్తారు. బాక్సును టీవీకి కలిపే మామూలు రాగి హెచ్‌డీఎంఐ తీగ పది మీటర్లు దాటితే 4కే చిత్రాన్ని నమ్మకంగా మోయలేదు. తెర మెరుస్తుంది, నల్లబడుతుంది. దూరం ఉంటే క్యాట్-6 నెట్‌వర్క్ తీగ మీద పంపే ఎక్స్‌టెండర్ వాడాలి. ఎర్తింగ్ కూడా ఒకసారి చూపించుకోండి.

చెరువుగట్టు:
చిత్రం శుభ్రంగానే వస్తోంది. ఆలస్యమే నా సమస్య.

మేడమీదిగది:
మూడు టీవీలకూ సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తోందో చెప్పనేలేదు.

చెరువుగట్టు:
ముందుదానికి డిష్ బాక్స్, పక్కదానికి కేబుల్ బాక్స్, వెనకది వైఫై మీద యాప్. ఛానెల్ మాత్రం ఒకటే కదా!

మేడమీదిగది:
ఛానెల్ ఒకటే, దారులు వేరు. ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, సిగ్నల్ పైకి వెళ్లి కిందికి రావడానికి పట్టేది పావు సెకను. అసలు ఆలస్యం చిత్రాన్ని కుదించడంలో, బాక్సు దాన్ని నిల్వ చేసి విప్పడంలో ఉంటుంది. యాప్ అయితే చిత్రాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా తెచ్చుకుంటుంది. ముక్క ఆరు సెకన్లదై, మూడు ముక్కలు చేతిలో ఉంచుకుని చూపించడం మొదలుపెడితే అక్కడికే పద్దెనిమిది సెకన్లు వెనకబడినట్టు. ప్రత్యక్ష ప్రసారంలో వెనకబడినదాన్ని ముందుకు లాగలేరు, ముందున్నదాన్ని ఆపగలరు, అంతే. అలా ఆపి కలిపినా, నెట్ ఒకసారి తడబడితే మళ్లీ తప్పుతుంది. కాబట్టి ఒక్క బాక్సు ఉంచి, దాని హెచ్‌డీఎంఐని స్ప్లిటర్‌తో మూడు టీవీలకూ పంచండి.

చెరువుగట్టు:
దుకాణంలో ఇచ్చినది తగిలిస్తే ఒక్క టీవీలోనే వస్తోంది. బటన్ నొక్కితే అది ఆగి పక్కదానిలో వస్తోంది.

ఉత్తరపుగాలి:
అది స్విచ్. స్ప్లిటర్ అని అడగండి.

రాగితీగ:
ఏ బాక్సునైనా ఏ టీవీకైనా పంపే మ్యాట్రిక్స్ తీసుకుంటే ఏ గొడవా ఉండదు.

ఉత్తరపుగాలి:
ఉన్నది ఒక్క బాక్సు. మ్యాట్రిక్స్ ఎందుకు?

రాగితీగ:
రేపు ఇంకో బాక్సు పెడితే?

మేడమీదిగది:
ఆయనకు కావలసింది ఆదివారం మ్యాచ్. స్ప్లిటర్ హెచ్‌డీసీపీకి, అంటే కాపీ చేయకుండా చిత్రానికి వేసే తాళానికి, పనికొస్తుందో లేదో చూసి తీసుకోండి, లేకపోతే నల్ల తెరే. చిత్రానికి మెరుగులు దిద్దడంలో కూడా టీవీలు కాస్త వెనకబడతాయి, అందుకని అన్నిటినీ ఆ మెరుగులు తగ్గించే గేమ్ మోడ్‌లో పెట్టండి. శబ్దం మాత్రం ఒక్క టీవీ నుంచే రానివ్వండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. పదిహేడు మీటర్ల హాలులో ఆ చివర స్పీకరు మాట ఈ చివరికి చేరేసరికి ఇరవయ్యో వంతు సెకను గడుస్తుంది. చెవికి అదే మాట రెండుసార్లు పడ్డట్టు అనిపించడానికి అది చాలు. బొమ్మలు కలిసినా ఆ బాధ పోదు.

రాగితీగ:
పాత హోటళ్లలో, చిత్రాన్ని టీవీ ఛానెల్‌గా మార్చి కేబుల్లోకి ఎక్కించే మాడ్యులేటర్ ఒక్కదానితో గదులన్నిటికీ పంపేవారు. ఏ గదిలో చూసినా ఒకే క్షణం. ఇప్పుడు ఎవరికీ ఆ పని పట్టదు.

ఉత్తరపుగాలి:
అందులో హెచ్‌డీ వచ్చేది కాదు.

రాగితీగ:
హెచ్‌డీ మాడ్యులేటర్లు కూడా ఉన్నాయి. తెలుసుకుని మాట్లాడండి.

చెరువుగట్టు:
స్ప్లిటర్ దొరికింది. ముందుది, పక్కది కలిశాయి. వెనకదానికి తీగ చాలడం లేదు, ఆదివారానికి దాన్ని తీసేస్తున్నాం. థాంక్స్.

రాగితీగ:
వెనక టీవీకి దూరం ఎన్ని మీటర్లు?