అమ్మకి మళ్ళీ కరోనా బూస్టర్ వేయించాలా?

మల్కాజిగిరి తమ్ముడు:
అమ్మకి 68, షుగర్ ఉంది, బీపీ మాత్ర రోజూ వేసుకుంటుంది. 2021లో రెండు కోవిషీల్డ్, 2022లో ప్రికాషన్ డోసు (మన దగ్గర బూస్టర్‌కి పెట్టిన పేరు) అయ్యాయి, ఆ తర్వాత ఏమీ లేదు. న్యూజెర్సీలో ఉండే అక్క ఏటా వేయించుకుంటుంది, ఫోన్ చేసినప్పుడల్లా అమ్మకి వేయించావా అని ఒకటే పోరు. ఇక్కడ దగ్గర్లో దవాఖానలో అడిగితే ఇంకా కరోనా ఏంటన్నా అని నవ్వారు. ఆఫీసులో ఒకాయనేమో టీకా వేసుకున్నవాళ్ళకే గుండెపోట్లు వస్తున్నాయంటాడు. నాకు 38, నేను కూడా వేయించుకోవాలా? ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

నల్లకుంట సిస్టర్:
మీదీ అమ్మగారిదీ ఒకే లెక్క కాదు తమ్ముడూ. 2023 మార్చిలో డబ్ల్యూహెచ్‌వో జనాన్ని ముప్పును బట్టి మూడు వర్గాలు చేసి చెప్పింది. ముప్పు ఎక్కువున్న వర్గం, అంటే వయసు పైబడినవాళ్ళు, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు, ఇలాంటివాళ్ళకే చివరి డోసు అయిన 6 నెలలకో 12 నెలలకో ఇంకోటి. ఆరోగ్యంగా ఉన్న మీ వయసువాళ్ళకి ఒక బూస్టర్ పడితే చాలు, మళ్ళీ మళ్ళీ అక్కర్లేదు. యాంటీబాడీలు కొన్ని నెలల్లోనే తగ్గిపోతాయి, అందుకే టీకా పడినా జలుబు, జ్వరం వస్తాయి, కానీ ప్రాణం మీదికి రాకుండా కాపాడే శక్తి అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. పెద్దవాళ్ళలో అదీ సన్నగిల్లుతుంది కాబట్టి వాళ్ళ గురించే ఈ చర్చంతా. మన ప్రభుత్వం మాత్రం ప్రికాషన్ డోసు దగ్గరే ఆగింది.

కూకట్‌పల్లి మెడికల్ షాపు:
అసలు ఏది వేయిస్తారో చెప్పండి ముందు. కోవిషీల్డ్ తయారీ 2021 డిసెంబరులోనే ఆపేశారు. కోవాగ్జిన్, కార్బెవ్యాక్స్ రెండూ మన హైదరాబాద్ కంపెనీలవే, అయినా అవి 2020 నాటి వైరస్‌ని చూసి చేసినవి, ఇప్పుడు తిరుగుతున్నది ఒమిక్రాన్ సంతతి. 2020 ఓటరు లిస్టు పట్టుకుని ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగినట్టుంటుంది, కొందరు దొరుకుతారు, చాలామంది ఇల్లు మారిపోయుంటారు. మీ అక్కగారికి అక్కడ వేసేది అప్పుడు తిరిగే వైరస్‌కి తగ్గట్టు ఏటా మార్పులు చేసి తయారుచేస్తారు, ఫ్లూ టీకాలాగే. రెండిటినీ బూస్టరనే అంటున్నాం, గొడవంతా అక్కడే. ముక్కులో వేసే చుక్కల టీకా 2023 జనవరిలో వచ్చినప్పుడు ప్రైవేటులో 800 రూపాయలు, జీఎస్టీ అదనం, అదీ ప్రికాషన్ డోసు పడినవాళ్ళకి కాదన్నారు.

ఈసీఐఎల్ రమ్యక్క:
ఆ గుండెపోటు మాట మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ చూసి చూసి విసుగొచ్చింది. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్ళు 47 ఆసుపత్రుల్లో, 18 నుంచి 45 ఏళ్ళవాళ్ళ హఠాన్మరణాల మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని తేలింది, రెండు డోసులు పడినవాళ్ళలో తగ్గింది కూడా. ముప్పు ఎక్కువ కనిపించింది కరోనాతో ఆసుపత్రిలో చేరి వచ్చినవాళ్ళలో, ఇంట్లో ఎవరైనా అలా హఠాత్తుగా పోయి ఉంటే, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగినా, ఒళ్ళు హూనమయ్యేంత శ్రమ చేసినా. అలాగని టీకాలకి సైడ్ ఎఫెక్ట్సే లేవని కాదు. కోవిషీల్డ్‌తో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టింది, ఎక్కువగా మొదటి డోసు పడిన కొన్ని వారాల్లోపే. అమెరికాలో వేసే ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో అరుదుగా గుండె కండరం వాచింది, అది ఎక్కువగా కుర్రాళ్ళలో. 68 ఏళ్ళ అమ్మకి ఆ టెన్షన్ ఎందుకు?

మల్కాజిగిరి తమ్ముడు:
థాంక్స్ అందరికీ. అమ్మ అక్టోబరులో అక్క దగ్గరికి వెళ్తోంది, ఆర్నెల్లు అక్కడే. అక్కడ వేయించడమే నయమా మరి?

నల్లకుంట సిస్టర్:
నాకైతే అదే నయమనిపిస్తోంది. 2025 ఆగస్టులో అమెరికాలో రూల్స్ బిగించినా 65 దాటినవాళ్ళకి అనుమతి ఉంచారు. కాకపోతే విజిటర్ ఇన్సూరెన్స్‌లో టీకాలు సాధారణంగా కవర్ కావు, రేటు ముందే కనుక్కోమనండి, డాలర్లలో చూసి అమ్మగారు వద్దనేస్తారు. ఇక్కడ ఫ్లూ, న్యుమోనియా టీకాలు పడ్డాయా? షుగర్ ఉన్నవాళ్ళకి అవి నేను ముందు అడుగుతాను, మన దగ్గర వానాకాలంలో ఫ్లూ బాగా తిరుగుతుంది. షుగర్ చూసే డాక్టరుకి ఓసారి చెప్పి వేయించండి.

మల్కాజిగిరి తమ్ముడు:
రెండూ పడలేదు. ఒకే రోజు రెండూ వేయొచ్చా? మళ్ళీ మళ్ళీ తీసుకెళ్తే రానంటుంది.

నల్లకుంట సిస్టర్:
వేయొచ్చు. ఒకటి ఈ చేతికి, ఒకటి ఆ చేతికి.