మూడుసార్లు చీటీ తీసిన అమ్మాయి: యవ్వనస్తులకు నిర్ణయాలు తీసుకోవడం ఎలా నేర్పాలి?

ఆదివారంబడి (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ వందనాలు. మా సంఘంలో యవ్వనస్తుల కూటమి బాధ్యత నాది. పదహారేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చి, పై చదువు విషయంలో దేవుని చిత్తం తెలిసిపోయిందని చెప్పింది. ఒక చీటీ మీద నర్సింగు అని, ఇంకో దాని మీద బైబిలు కళాశాల అని రాసి, బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి తీసిందట. మూడుసార్లు తీసిందట! మొదటి రెండుసార్లు మనసు నిలకడగా లేదు కాబట్టి అవి లెక్కలోకి రావట. నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు, ఆ పిల్ల ముఖం చూస్తే నవ్వాలనిపించలేదు. తన విశ్వాసం దెబ్బతినకుండా, వివేకంతో ఆలోచించడం ఎలా నేర్పాలి?

బెరయవాసి:
గిద్యోను నేల మీద ఉన్ని పెట్టి, దాని మీద మంచు పడాలని దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి ఎవరైనా ఎత్తకముందే చెబుతున్నాను. న్యాయాధిపతులు 6వ అధ్యాయం తీయండి. ఇశ్రాయేలును రక్షించడానికి వెళ్ళమని దేవుడు 14వ వచనంలోనే చెప్పాడు. గిద్యోను ఉన్ని సంగతి ఎత్తింది 36వ వచనంలో. అంటే చిత్తం తెలియక కాదు, తెలిసినదాన్ని నమ్మలేక. ఇక చీట్లు. అపొస్తలుల కార్యములు 1:26లో, ఇస్కరియోతు యూదా స్థానంలో మత్తీయను అపొస్తలుడిగా ఎంచుకోవడానికి వేశారు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన తరువాత విశ్వాసులు చీట్లు వేసినట్టు కొత్త నిబంధనలో మరెక్కడా లేదు.

దీపస్తంభం:
లేదు కాబట్టి తప్పంటారా? చీట్ల వలన కలిగే తీర్పు యెహోవా వశమని సామెతలు 16:33లో ఉంది. తప్పు చీటీలో లేదు, మూడుసార్లు తీయడంలో ఉంది. తాను కోరుకున్నది వచ్చేదాకా తీసి, దానికి దేవుని చిత్తమని పేరు పెట్టుకుంది. అందుకే ఈ వయసు పిల్లల నిర్ణయాలు తల్లిదండ్రుల చేతిలో, సంఘ పెద్దల చేతిలో ఉండాలి. పెద్దల మాట తోసేసి రెహబాము రాజు తన రాజ్యంలో ఎంత పోగొట్టుకున్నాడో అందరికీ తెలుసు.

బెరయవాసి:
రాజైనప్పుడు రెహబాము వయసు 41 ఏళ్ళు. 1 రాజులు 14:21 చూడండి. పదహారేళ్ళ పిల్లకు ఆయన ఉదాహరణ ఎలా అవుతాడు? గిద్యోను గురించి నేను రాసినదానికి జవాబు ఇంకా రాలేదు.

కొత్తసభ్యుడు:
నేను పరీక్షల ముందు కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టేవాణ్ణి. ఒకసారి వంశావళి వచ్చింది. ఎవరు ఎవరిని కనెనో చదువుకుని వెళ్ళి పరీక్ష రాశాను.

ఆవగింజ:
పెద్దల చేతిలో పెడితే ఏమవుతుందో నేను చెబుతాను. నాకు పదిహేడేళ్ళప్పుడు, అందరూ గౌరవించే ఒక పెద్దాయన నా గురించి దర్శనం వచ్చిందన్నారు. చదువు మాని సేవలో చేరాలట. మా ఇంట్లో ఎవరూ నోరు మెదపలేదు. దేవుడే చెప్పాడన్నాక ఇంకేం మాట్లాడతారు? ఆరేళ్ళు చేశాను. నీకు ఇష్టమేనా అని ఆ ఆరేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

1 రాజులు 13లో ముసలి ప్రవక్త, దేవదూత తనతో చెప్పాడని అబద్ధమాడి, అక్కడ తినవద్దు తాగవద్దు అని దేవుడు ఆజ్ఞాపించిన దైవజనుణ్ణి భోజనానికి వెనక్కి తీసుకుపోయాడు. సింహం చంపింది నమ్మి వెళ్ళినవాణ్ణి. అబద్ధమాడినవాడు సమాధి చేసి ఏడ్చాడు. ఈ అధ్యాయం మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు, ఎందుకో మరి.

బెరయవాసి:
నేను విన్నాను, రెండుసార్లు. కానీ అది చీట్ల సంగతి కాదు కదా.

దీపస్తంభం:
అమ్మా, మీకు జరిగినదానికి బాధగా ఉంది. కానీ ఒక్కరి తప్పుకు పెద్దలందరినీ బోనులో నిలబెడితే ఎలా? నా వైపు కూడా వినండి. నా కొడుకు పందొమ్మిదేళ్ళకు, దేవుడు తనతో మాట్లాడాడని చదువు మధ్యలో వదిలేసి ఒక గుంపు వెంట వెళ్ళిపోయాడు. అడ్డుపడితే, మనుష్యులకు కాదు దేవునికే లోబడాలని అపొస్తలుల కార్యములు 5:29 నా ముఖాన కొట్టాడు. వాక్యం నేర్పింది నేనే! హన్నా మొక్కుకుని తన కొడుకు సమూయేలును దేవుని సేవకు ఇచ్చినట్టు, పుట్టినప్పుడే దేవునికి ఇచ్చుకున్న బిడ్డ. వాడి దగ్గర నుంచి ఫోను వచ్చి రెండేళ్ళు దాటింది. పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వండి అని ఇక్కడ రాయడం చాలా తేలిక.

ఆవగింజ:
ఇచ్చుకున్నది మీరు. ఆ మాట అతనికి ఎన్నేళ్ళప్పుడు చెప్పారు?

దీపస్తంభం:
ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. అందులో తప్పేముంది?

ఆవగింజ:
మొక్కుబడి కోసం హన్నా దగ్గరకే వెళతారు, యెఫ్తా దగ్గరకు ఎవరూ వెళ్ళరు. న్యాయాధిపతులు 11లో, యుద్ధం గెలిస్తే తన ఇంటి నుంచి ఎదురొచ్చేదాన్ని అర్పిస్తానని మొక్కుకున్నది తండ్రి యెఫ్తా, చెల్లించింది ఎదురొచ్చిన కూతురు. నిర్ణయం తీసుకోవడానికి మీ వాడికి మీరు ఏం మిగిల్చారు? దేవుడు చెప్పాడు అనే మాటను ఇంట్లో ఎవరూ కాదనకూడదని వాడు మీ దగ్గరే నేర్చుకున్నాడు. అదే మాట మీ మీద వాడాడు.

దీపస్తంభం:
మీకు పిల్లలు ఉన్నారో లేదో తెలియదు. ఇంక ఈ చర్చలో రాయను.

బెరయవాసి:
లేవీయకాండము 27లో మనుషులను మొక్కుకుంటే వెల కట్టి విడిపించే ఏర్పాటు ఉంది. 5 నుంచి 20 ఏళ్ళ లోపు అబ్బాయికి 20 తులాల వెండి, అమ్మాయికి 10. తల్లిదండ్రుల మొక్కుకు ధర్మశాస్త్రమే బయటి దారి చూపింది. ఇది అసలు విషయానికి దగ్గరగా ఉందనుకుంటున్నాను.

ఆదివారంబడి:
నేను ఒక సంగతి దాచాను, అది నా తప్పే. ఆ అమ్మాయి పుట్టినప్పుడు వాళ్ళ నాన్న కూడా ఇలాగే మొక్కుకున్నారు. నిన్న ఆమెతో మళ్ళీ మాట్లాడాను. మొదటి రెండుసార్లు ఏం వచ్చిందని అడిగితే, చాలాసేపటికి నర్సింగు అంది. ఆమెకు ఇష్టమైనదీ అదే. నాన్న కోరింది వచ్చేదాకా తీసింది. మనమంతా, నాతో సహా, తిరగేసి అనుకున్నాం.

అందుకని చీట్ల మీద పాఠం చెప్పడం మానేశాను. 1 సమూయేలు 3వ అధ్యాయం ఇద్దరం కలిసి చదివాం. దేవుని పిలుపు పిల్లవాడైన సమూయేలుకు వస్తే, వాడు మూడుసార్లు యాజకుడైన ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. ఏలీ తన మాటను దేవుని మాటగా చెలామణి చేయలేదు. ఎలా వినాలో చెప్పి, వెళ్ళి పడుకోమన్నాడు. తెల్లారాక, తనకే విరుద్ధమైన మాటను దాచకుండా చెప్పమని అడిగాడు. మా వంటివాళ్ళ పని అంతవరకే అనిపిస్తోంది. నర్సుగా పనిచేసే ఒక సహోదరితో, బైబిలు కళాశాలలో చదివిన ఇంకొకరితో ఆ పిల్ల స్వయంగా మాట్లాడేలా ఏర్పాటు చేశాను. ఆలోచన చెప్పేవారు బహుమంది ఉండాలని సామెతలు 15:22 అంటుంది, ఒక్కరే ఉండాలని కాదు. కానీ నాన్నగారితో ఎవరు మాట్లాడాలి? ఆ అమ్మాయి నన్ను మాట్లాడమంటోంది. నాకు భయంగా ఉంది.

ఆవగింజ:
వెళ్ళండి. ఆమెను వెంట పెట్టుకుని వెళ్ళండి, ఆమె లేకుండా మాత్రం వద్దు. నా గురించి మాట్లాడిన ప్రతిసారీ నేను పక్క గదిలో ఉన్నాను.

కొత్తసభ్యుడు:
ప్రార్థిస్తాను.

దీపస్తంభం:
రాయనని అన్నాను, అయినా రాస్తున్నాను. ఆ తండ్రి దగ్గరకు వెళ్ళినప్పుడు లేవీయకాండము 27 ముందుగా తీయకండి. ఎందుకు మొక్కుకున్నారని అడగండి. మా వాడు ఏడో నెలలో పుట్టాడు. బతకడన్నారు. ఆ రాత్రి నా దగ్గర ఇవ్వడానికి వేరే ఏమీ లేదు. ఈ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు, మొక్కు మాత్రమే చెప్పాను.