మదిరాన్ రెడ్ వైన్‌తో మన మాంసం కూర ఏది కుదురుతుంది?

నేను ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంటాను. శనివారం రాత్రి ఆఫీసు వాళ్లు నలుగురు భోజనానికి వస్తున్నారు. నా దగ్గర 2019 నాటి మదిరాన్ సీసాలు రెండున్నాయి. పేరులోనే మదిర ఉందని మురిసిపోయి కొన్నాను, తీరా చూస్తే బాగా వగరు. ఎక్కువగా తన్నా అనే ద్రాక్షతో చేస్తారట, అందుకే ఈ వగరు అంటున్నారు.

పోయిన వారం మూడో సీసాతో ప్రయోగం చేశాను. గోంగూర మటన్‌తో తాగితే పులుపుకి వైన్ చేదెక్కి, నోట్లో ఇనుము రుచి వచ్చింది. మర్నాడు కారం సగానికి తగ్గించి మటన్ వేపుడు చేశాను. అప్పుడు గొంతు మండింది, పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టేశాయి. సీసా 22 డిగ్రీల దగ్గరుందని 17కి చల్లబరిచాను, జగ్గులో పోసి 3 గంటలు గాలి తగలనిచ్చాను. వాసన బాగుపడింది కానీ వగరు పోలేదు. ఒస్సో-ఇరాతీ గొర్రెపాల చీజ్ ముక్కతో మాత్రం హాయిగా దిగింది. అంటే కొవ్వు, ఉప్పు కావాలేమో.

ఇక్కడివాళ్లు బాతు కాన్ఫీ (కొవ్వులో నెమ్మదిగా ఉడికించిన బాతు), కసూలే (తెల్ల చిక్కుడు గింజలు, మాంసం కలిపి వండేది) చేసుకోమంటున్నారు. అవి వాళ్లకి రోజూ ఉండేవే, నేను మన వంటే పెట్టాలనుకుంటున్నాను. బీఫ్, పంది మాంసం వద్దు. గొర్రె మాంసం, బాతు దొరుకుతాయి.

ఎండుమిర్చి, చింతపండు, గోంగూర లేకుండా ఈ వగరు వైన్‌కి సరిపడేలా మీరు చేసి చూసిన మాంసం కూర ఏదైనా ఉంటే, అందులో ఏ మసాలాలు ఎంత వేశారో చెబుతారా?