యూపీఎస్ ఛార్జ్ 100 శాతం చూపిస్తోంది, కరెంటు పోయిన కాసేపటికే సర్వర్ ఆగిపోతోంది. నట్ సెట్టింగా, బ్యాటరీయా?

డిస్క్‌ఫుల్ అడిగిన ప్రశ్న

డెబియన్ 12 నడుస్తున్న చిన్న సర్వర్ ఒకటుంది. అందులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఇంట్లో అందరి ఫొటోల బ్యాకప్ ఉన్నాయి. యూపీఎస్ కొని నాలుగేళ్లు దాటింది. లోపల ఒక్కటే 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలిపి, యూపీఎస్‌ను గమనించే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అన్న సాఫ్ట్‌వేర్, అదే నట్, వేసుకున్నాను. డ్రైవర్ యూఎస్‌బీహెచ్‌ఐడీ-యూపీఎస్, మోడ్ స్టాండలోన్.

యూపీఎస్ స్థితి చూపించే యూపీఎస్‌సీ కమాండ్ కొడితే అన్నీ బాగానే కనిపిస్తాయి. స్టేటస్ ఓఎల్ (అంటే కరెంటు ఉంది), బ్యాటరీ ఛార్జ్ 100 శాతం, లోడ్ 34 శాతం, రన్‌టైమ్ 1,100 సెకన్లు. అంటే పద్దెనిమిది నిమిషాలు రావాలి కదా. కానీ మొన్న కరెంటు పోతే నిమిషం తిరక్కుండానే అంతా చీకటి. సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌లో, అవసరమైతే సర్వర్‌ను ఆపాల్సిన నట్ భాగం యూపీఎస్‌మాన్ రాసిన చివరి లైను “ఆన్ బ్యాటరీ” ఒక్కటే. లో బ్యాటరీ అన్న మాట గానీ, షట్‌డౌన్ మొదలైన ఆనవాలు గానీ లేవు. డేటాబేస్ రికవరీ అయి లేచింది, అదృష్టం. కాన్ఫిగరేషన్‌లో ఎక్కడ చూడాలో చెప్పగలరా?

ప్యాకెట్‌లాస్ జవాబు

యూపీఎస్‌మాన్ మామూలుగా ఓబీ (ఆన్ బ్యాటరీ), ఎల్‌బీ (లో బ్యాటరీ) రెండూ కలిసి వచ్చినప్పుడే షట్‌డౌన్ చేస్తుంది. మీ యూపీఎస్ ఎల్‌బీ చాలా ఆలస్యంగా ఇస్తున్నట్టుంది. యూపీఎస్ కాన్ఫ్ ఫైల్లో, యూపీఎస్ ఇచ్చే ఎల్‌బీని పట్టించుకోవద్దని చెప్పే ఇగ్నోర్‌ఎల్‌బీ పెట్టి, ఓవర్‌రైడ్ డాట్ బ్యాటరీ డాట్ ఛార్జ్ డాట్ లో విలువ 50 ఇవ్వండి. ఛార్జ్ సగానికి పడగానే సర్వర్ దానంతట అదే ఆగిపోతుంది.

ఫ్లోట్‌ఛార్జ్ జవాబు

ప్యాకెట్‌లాస్ గారు చెప్పిన సెట్టింగ్ మంచిదే, కానీ ఈ కేసులో అది కాపాడదని నా అనుమానం. ఆ 50 శాతం అన్న లెక్క కూడా యూపీఎస్ చెప్పిందే. 100 అని అబద్ధం చెప్పినది 50 దగ్గర నిజం చెబుతుందని ఎలా నమ్ముతాం?

నేను చాలా ఏళ్లుగా సర్వర్ల గదుల్లో బ్యాటరీలు చూసుకునే పనిలో ఉన్నాను. ఈ విషయంలో జనం మోసపోతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ ఛార్జర్‌కు కలిసే ఉంటుంది. అప్పుడు యూపీఎస్‌సీలో బ్యాటరీ వోల్టేజ్ సుమారు 13.6 అని కనిపిస్తుంది, అది ఛార్జర్ పట్టి ఉంచిన వోల్టేజ్. అది చూసి బ్యాటరీ ఆరోగ్యం చెప్పలేం. చిన్న యూపీఎస్‌లు చాలావరకు ఆ వోల్టేజ్ చూసే “నిండింది” అనేస్తాయి. నిండటం వేరు, ఎంత పట్టే స్థితిలో ఉందన్నది వేరు. లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ పొర గట్టిపడి, అంటే సల్ఫేషన్ పట్టి, నీరు తగ్గిపోయిన బ్యాటరీ చాలా త్వరగా నిండుతుంది, అంతే త్వరగా ఖాళీ అవుతుంది. లోడ్ పడితే తప్ప దాని అసలు రంగు బయటపడదు.

కాబట్టి ముందు కాన్ఫిగరేషన్ ముట్టుకోకండి. కొలవండి. సర్వర్‌ను యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి, యూఎస్‌బీ కేబుల్ మాత్రం యూపీఎస్‌కు అలాగే ఉంచండి. పరీక్ష అయ్యేదాకా యూపీఎస్‌మాన్ సర్వీస్ ఆపేయండి, లేకపోతే మధ్యలో సర్వర్‌ను షట్‌డౌన్ చేసేస్తుంది. డ్రైవర్, దాని రీడింగులు అందించే యూపీఎస్‌డీ నడుస్తూనే ఉండాలి. యూపీఎస్ వెనక సర్వర్ వాడేంత లోడ్ ఇంకేదైనా పెట్టండి. పాత రకం ఫిలమెంట్ బల్బులు రెండు మూడు సరిపోతాయి, అవి స్థిరంగా లాగుతాయి. ఇప్పుడు యూపీఎస్‌లాగ్ అన్న కమాండ్‌తో 5 సెకన్లకోసారి ఫైల్లోకి రాయించండి, వోల్టేజ్, ఛార్జ్, లోడ్, స్టేటస్ వచ్చేలా. తర్వాత యూపీఎస్ పెట్టిన సాకెట్ స్విచ్ ఆపండి. ప్లగ్ పీకేయకండి, పీకితే ఎర్త్ కూడా పోతుంది.

వోల్టేజ్ ఎలా పడుతోందో చూసి ఇక్కడ పెట్టండి. ఒక హెచ్చరిక: కొన్ని చౌక యూపీఎస్‌లు బ్యాటరీ వోల్టేజ్ అని ఎప్పుడూ ఒకే అంకె చూపిస్తాయి. మీది అలా కదలకుండా ఉంటే ఆ అంకెను వదిలేసి, ఎంతసేపు వెలిగిందో గడియారం పెట్టి చూడండి.

డిస్క్‌ఫుల్

చేశాను. అంకె కదిలింది. స్విచ్ ఆపకముందు 13.6, ఛార్జ్ 100. ఆపిన వెంటనే వచ్చిన రీడింగ్ 11.5, ఛార్జ్ మాత్రం ఇంకా 97. తర్వాత 11.1, 10.8. యాభై సెకన్ల దగ్గర 10.4, ఛార్జ్ 71 అని ఉంది. ఆ తర్వాతి లైన్లో స్టేటస్ ఓబీ ఎల్‌బీ, దాని తర్వాత బల్బులు ఆరిపోయాయి. కవర్ విప్పి చూస్తే బ్యాటరీ ఒక పక్క కొంచెం ఉబ్బినట్టుంది.

ఫ్లోట్‌ఛార్జ్

ఇక సందేహం లేదు, బ్యాటరీ అయిపోయింది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్ 1.75 వోల్టుల దగ్గరకు వస్తే ఖాళీ కిందే లెక్క, మొత్తం కలిపితే 10.5. మీది నిమిషంలోపే అక్కడికి దిగిపోయింది. 71 శాతం ఉండగానే ఎల్‌బీ, వెంటనే చీకటి. ఛార్జ్ 50 దాకా రావడానికి దానికి టైమే దొరకలేదు చూడండి.

ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్‌లో పెట్టకండి, ఈరోజే తీసేయండి. తీసేటప్పుడు యూపీఎస్ పూర్తిగా ఆఫ్‌లో, సాకెట్ నుంచి వేరుగా ఉండాలి. ఉంగరాలు, వాచీ తీసేయండి, స్పానర్ రెండు టెర్మినల్స్‌కూ ఒకేసారి తగలనివ్వకండి. పాతదాన్ని చెత్తలో పడేయకుండా రీసైక్లింగ్‌కు ఇవ్వండి, లోపల ఉన్నది సీసం, ఆమ్లం.

కొత్తది అదే వోల్టేజ్, అదే కొలత ఉన్న సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ అయి ఉండాలి. తయారైన తేదీ చూసి కొనండి. నెలల తరబడి ఛార్జ్ లేకుండా అరలో కూర్చున్నది కొత్తదైనా సగం పాడైనట్టే. రెండు బ్యాటరీల యూపీఎస్ ఉన్నవాళ్లు రెండూ కలిపే మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది సిరీస్‌లో పెడితే పాతది కొత్తదాన్ని కూడా ముంచుతుంది.

వేడి సంగతి కూడా చూసుకోండి. ఈ రకం బ్యాటరీకి మామూలుగా మూడు నుంచి ఐదేళ్ల ఆయుష్షు. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగం అవుతుంది. యూపీఎస్‌ను సర్వర్ వేడి గాలి తగిలే చోట పెట్టి ఉంటే పక్కకు జరపండి. నా దృష్టిలో ఏ సెట్టింగ్ కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుంది.

డిస్క్‌ఫుల్

థ్యాంక్సండి. ఒక్క సందేహం. బ్యాటరీ ఇంత పాడైతే స్టేటస్‌లో ఆర్‌బీ, అంటే బ్యాటరీ మార్చమన్న ఫ్లాగ్, రావాలి కదా? అదెందుకు రాలేదు?

ఫ్లోట్‌ఛార్జ్

ఆ ఫ్లాగ్ సాధారణంగా సెల్ఫ్ టెస్ట్ ఫెయిలైతే వస్తుంది. కొన్ని యూపీఎస్‌లు రెండు వారాలకోసారి తమంతట తామే పరీక్షించుకుంటాయి, కొన్ని మనం అడిగితే తప్ప ఎప్పటికీ చేసుకోవు. యూపీఎస్‌కు ఆదేశాలు పంపే యూపీఎస్‌సీఎండీని మైనస్ ఎల్‌తో కొడితే మీది ఏయే కమాండ్లు ఒప్పుకుంటుందో లిస్ట్ వస్తుంది. అందులో టెస్ట్ డాట్ బ్యాటరీ డాట్ స్టార్ట్ డాట్ క్విక్ ఉంటే నెలకోసారి నడిచేలా క్రాన్‌లో (పనులను వేళకు నడిపే సర్వీస్) పెట్టండి, ఫలితం మెయిల్‌లో రావాలి. క్విక్ టెస్ట్ కొద్ది సెకన్లే నడుస్తుంది కాబట్టి సగం పాడైన బ్యాటరీ కూడా పాసైపోవచ్చు. అందుకే ఏడాదికి రెండుసార్లయినా ఇప్పుడు చేసిన బల్బుల పరీక్ష చేసి, ఆ లాగ్ ఫైళ్లు దాచుకోండి. స్విచ్ ఆపిన వెంటనే వచ్చే వోల్టేజ్ క్రితంసారి కన్నా తగ్గిందా అని చూస్తే చాలు, ముందే తెలిసిపోతుంది.

కొత్త బ్యాటరీ పెట్టాక షట్‌డౌన్‌ను ఛార్జ్ శాతానికి వదిలేయకండి, టైమర్‌కు కట్టండి. యూపీఎస్‌షెడ్ దానికోసమే ఉంది. కరెంటు పోయి ఆన్‌బ్యాట్ వస్తే 120 సెకన్ల టైమర్ మొదలవ్వాలి, కరెంటు తిరిగొచ్చి ఆన్‌లైన్ వస్తే రద్దవ్వాలి, టైమర్ నిండితే యూపీఎస్‌మాన్ మైనస్ సి ఎఫ్‌ఎస్‌డీ, అంటే బలవంతపు షట్‌డౌన్ కమాండ్, నడవాలి. చిన్నచిన్న కట్‌లకు సర్వర్ ఆగదు, పెద్ద కట్ అయితే బ్యాటరీ నిండుగా ఉండగానే దిగిపోతుంది. చాలామందికి ఇది పనిచేయకపోవడానికి కారణం ఒకటే: యూపీఎస్‌మాన్ కాన్ఫ్‌లో నోటిఫైఫ్లాగ్ లైన్లకు ఎగ్జెక్ జోడించరు. అది లేకపోతే సిస్‌లాగ్‌లో రాసి ఊరుకుంటుంది, యూపీఎస్‌షెడ్‌ను పిలవదు.

ప్యాకెట్‌లాస్

ఒప్పుకుంటున్నాను, టైమరే నయం. దీనికి ఒకటి కలపాలి. సర్వర్ షట్‌డౌన్ అవుతుండగా మధ్యలో కరెంటు వచ్చేస్తే? యూపీఎస్ అవుట్‌పుట్ ఆగనే లేదు కాబట్టి సర్వర్ ఆఫ్‌లోనే ఉండిపోతుంది, ఎవరో వెళ్లి బటన్ నొక్కాలి.

ఫ్లోట్‌ఛార్జ్

మంచి మాట. దూరంలో ఉన్న సర్వర్‌కైతే ఇది ప్రాణం. యూపీఎస్‌మాన్ కాన్ఫ్‌లో పవర్‌డౌన్‌ఫ్లాగ్ ఉందో లేదో చూడండి, డెబియన్‌లో ఈటీసీ కింద కిల్‌పవర్ అన్న ఫైల్. అది ఉంటే షట్‌డౌన్ చివర్లో నట్ యూపీఎస్‌కు అవుట్‌పుట్ ఆపేయమని చెబుతుంది. ఈ డ్రైవర్‌లో ఆఫ్‌డిలే, అంటే అవుట్‌పుట్ ఆపే ముందు ఆగే సమయం, మామూలుగా 20 సెకన్లు; ఆన్‌డిలే, అంటే తిరిగి ఇచ్చే ముందు ఆగే సమయం, 30. ఆన్‌డిలే ఎప్పుడూ ఆఫ్‌డిలే కన్నా ఎక్కువే ఉండాలి. మధ్యలో కరెంటు వచ్చినా యూపీఎస్ ఒకసారి ఆపి మళ్లీ ఇస్తుంది. బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టుకుంటే సర్వర్ దానంతట అదే లేస్తుంది.

ఇదంతా నిజంగా పనిచేస్తుందో లేదో కరెంటు పోయేదాకా ఆగకండి. డేటాబేస్ ఆపి, ఫైల్ సిస్టమ్‌లు సింక్ చేసి, రూట్‌గా యూపీఎస్‌మాన్ మైనస్ సి ఎఫ్‌ఎస్‌డీ మీరే కొట్టండి. సర్వర్ ఆగాలి, యూపీఎస్ అవుట్‌పుట్ క్లిక్‌మని ఆగాలి, కాసేపటికి రెండూ తిరిగి రావాలి. ఆ క్లిక్ వినపడకపోతే మీ యూపీఎస్ ఆ ఆదేశాన్ని పట్టించుకోలేదన్నమాట, నట్ డ్రైవర్‌ను నడిపే యూపీఎస్‌డీఆర్‌వీసీటీఎల్ షట్‌డౌన్ కమాండ్‌ను బల్బుల లోడ్ మీద విడిగా ప్రయత్నించి చూడండి.

డిస్క్‌ఫుల్

కొత్త బ్యాటరీ పెట్టి రాత్రంతా ఛార్జ్ చేశాను. అవే బల్బులతో స్విచ్ ఆపిన వెంటనే 12.4, పది నిమిషాల తర్వాత కూడా 11.8. ఎఫ్‌ఎస్‌డీ కొడితే సర్వర్ ఆగింది, క్లిక్ వినిపించింది, తిరిగి లేచింది. రన్‌టైమ్ మాత్రం ఇప్పటికీ పాత లెక్కే 1,100 చూపిస్తోంది. దాన్ని వదిలేయొచ్చా?

ఫ్లోట్‌ఛార్జ్

మీ యూపీఎస్ ఒప్పుకునే కమాండ్లలో క్యాలిబ్రేట్ డాట్ స్టార్ట్ ఉంటే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, సర్వర్ బదులు బల్బులు పెట్టి ఒక్కసారి నడపండి, లెక్క సరి చేసుకుంటుంది. లేకపోతే వదిలేయండి. షట్‌డౌన్ టైమర్ మీదే ఉంది కాబట్టి ఆ అంకెతో పనిలేదు. క్యాలిబ్రేషన్ పదేపదే చేయకండి, పూర్తిగా ఖాళీ చేసిన ప్రతిసారీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు కొంత తగ్గుతుంది.